చెవిటి లాప్‌టాప్

సోమవారం. నైరుతి గాలి, జోరుగా.

ఈ రోజు పొద్దున తొమ్మిది గంటలకు నా లాప్‌టాప్ చచ్చిపోయింది. ఈ మాట నోటితో అనడానికి వీల్లేదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

పదకొండేళ్లు పనిచేసింది. మూత ఊడిపోకుండా రాగి తీగ కట్టి రెండేళ్లయింది. దాని ఫ్యాను తిరిగితే పక్కింటివాళ్లు పిండిమర అనుకునేవారు. ఇవాళ బటన్ నొక్కితే స్క్రీన్ ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. తట్టాను, ఊదాను, బతిమాలాను. ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా ఏడుద్దామన్నా నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. అందుకని "ఆహా, ఎంత బాగా పనిచేస్తోందో!" అని పైకి అని మూత వేశాను.

గోడలకు చెవులుంటాయని పూర్వం సామెతగా అనేవారట. మా గాలిపేటలో అది సామెత కాదు. గోడకీ, ఫ్యానుకీ, బల్బుకీ, టీ కెటిల్‌కీ అన్నింటికీ చెవి ఉంది. ‘అయ్యో, చెప్పు తెగిందే’ అన్నామా, నిమిషంలో ఊళ్లో ప్రతి ధరపలక మీదా చెప్పుల ధర పెరుగుతుంది, అదీ మన ఒక్కరికే. పలక మన మొహం చూసి అంకె మారుస్తుంది. అందుకే మా ఊళ్లో చెప్పు తెగినవాడు కుంటుకుంటూనే నవ్వుతూ వెళ్తాడు. ఎందుకు కుంటుతున్నావని ఎవరూ అడగరు. అడగకపోవడమే మర్యాద.

కాగితానికి మాత్రం చెవి లేదు. శేషగిరి కొట్టుకి వెళ్లి ఒక నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు కొన్నాను. ఈ ఉపాయం నాకు తప్ప ఎవరికి తడుతుందని దారిపొడుగునా నన్ను నేనే మెచ్చుకున్నాను.

అంతకుముందు, వెళ్లేటప్పుడే యంత్రాల దుకాణం వైపు చూడనట్టు చూశాను. లాప్‌టాప్‌లు రెండే రకాలు. ‘తేనె’ పల్చగా, ముద్దుగా ఉంటుంది, నాలుగు వందల యూనిట్లు. దానికి చెవి ఉంది, మనం కొట్టిన ప్రతి అక్షరం వింటుంది. ‘రాయి’ బరువుగా, మొరటుగా ఉంటుంది, పన్నెండు వందలు. అది పుట్టుచెవిటిది. గాలిమరల కరెంటు యూనిట్లే మా డబ్బు. నా దగ్గర దాచుకున్నవి పన్నెండు వందల యాభై.

అప్పుడే రాయి కొనేసి ఉండాల్సింది. కానీ ధరలో మూడింతల తేడా! రెండు రోజులు ఆగితే తగ్గదా అనిపించింది. మా అమ్మ కడుపున పుట్టినవాళ్లెవరూ ఏ వస్తువునీ అడిగిన రోజే కొనలేదు.

తొందర లేదా అంటే, ఉంది. మా నేతగాళ్ల సంఘం మగ్గాలకు, ఏ దారం ఎక్కడ పడాలో చెప్పే నేత లెక్కలు లాప్‌టాప్‌లో వేసేది నేనే. వచ్చే వారం బుధవారానికి కొత్త లెక్క మగ్గాలకు ఎక్కకపోతే తువాళ్ల ఆర్డరు పక్క ఊరికి పోతుంది. వానాకాలమంతా పదకొండు మగ్గాలు ఖాళీ. పదకొండు ఇళ్లు.

మంగళవారం. గాలి మామూలు.

విషయం ఇద్దరికి చెప్పాను, అక్కకీ బావకీ. నేను వాళ్ల మేడ మీది గదిలోనే ఉంటాను, దాచడం కుదరదు. మగ్గాల షెడ్డుకి తీసుకెళ్లి చెప్పాను. పదకొండు మగ్గాలు ఆడుతుంటే ఆ టకటకల్లో చెవికి ఏమీ వినిపించదు. గాలిపేటలో పెళ్లి మాటలైనా, కష్టసుఖాలైనా అక్కడే.

"పోయిందేటి? పదకొండేళ్ల నుంచి దాని మొకం సూసీ సూసీ నువ్వూ అలాగే తయారయ్యావు మరదలా," అన్నాడు బావ. బావ పేరు అసిరినాయుడు. మనిషి వెన్న. నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. వాళ్ల తాత ఎడ్ల సంతలో పేరుమోసిన బేరగాడు. బావకి ఎడ్లు లేవు, నోరు మాత్రం వారసత్వంగా వచ్చింది.

"బావా, ఈ మాట నీ కడుపులోనే ఉండాల."

"ఉంటాదిలే. నా కడుపులో ఎన్ని లేవు?"

సాయంత్రం పలక చూశాను. రాయి పదమూడు వందల యాభై. తేనె మూడు వందల అరవై. చెవికి కావలసింది నేను తేనె కొనడమే. నిన్న కొనగలిగింది ఇవాళ నా చేతికి అందడం లేదు. నేను ఎవరికి చెప్పాను? ఇద్దరికి. మా అక్క అవసరమైతే తప్ప మాట్లాడదు, అవసరమైనా సగమే మాట్లాడుతుంది. ఇక మిగిలింది ఎవరో వేరే చెప్పాలా.

బుధవారం. గాలి పలచన. మరలు నెమ్మదిగా.

రాయి పదిహేను వందలు. తేనె మూడు వందలు.

పెన్సిలు ముల్లు విరిగింది. శేషగిరి కొట్లో చెక్కుడు మరా, తప్పులు చెరిపే రబ్బరూ కొన్నాను. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా టీ బడ్డీ దగ్గర బావ బల్ల మీద కూర్చుని బజ్జీలు తింటున్నాడు. నాలుగు తిన్నాడు, నేనే లెక్కపెట్టాను. పక్కనే కెటిల్ పొగలు కక్కుతోంది. బావ అందరికీ వినపడేట్టు "మా మరదలి లాప్‌టాప్ ఉందీ, బంగారం! గుర్రంలాగ పరిగెడతంది!" అంటున్నాడు.

అడగని మాట ఎందుకు చెప్పాలి? ఏ మనిషైనా బాగున్న వస్తువుని అంత గట్టిగా పొగుడుతాడా? ఆ కెటిల్ ఏమైనా వెర్రిదా?

గురువారం. గాలి మళ్లీ లేచింది.

సంఘం పెద్ద కూర్మారావుగారు నన్ను షెడ్డుకి పిలిచారు. వేళ్లతో లెక్కపెడుతూ, "అమ్మా దమయంతీ, బుధవారమంటే బుధవారమే. నేత ఎంతవరకొచ్చింది?" అని అడిగారు.

నిజం చెప్పేశాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "మరైతే ఆ తేనె కొనీరాదా? మా కోడలూ కొంది. పని బానే సేస్తంది. సవకే కదమ్మా," అన్నారు.

మనిషి మంచివాడే, భయం ఆ మాట అనిపించింది. మేము నేసేది మామూలు తువాళ్లు కాదు, బేరం తువాళ్లు. సంతలో అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పాతకాలపు ఎడ్ల బేరగాళ్లలాగే తువాలు కింద చేతులు కలిపి వేళ్లతో ధర చెప్పుకుంటారు. నోటితో అంటే పలకలు వింటాయి. పైన తూనీగలంత కెమెరాలు ఎగురుతుంటాయి. నేత లెక్క తెలిసిందంటే అవి గుడ్డలోంచే వేళ్లు లెక్కపెట్టేస్తాయి. అందుకే ఏటేటా కొత్త నేత కావాలి. ఆ నేతని తేనెలో వేయడమంటే దొంగ చేతికి తాళాలు ఇవ్వడమే.

"అలా నేసిన తువాలు మొహం తుడుచుకోడానికి పనికొస్తాదండీ, బేరానికి కాదు," అన్నాను.

ఆయన నా వైపు చూసి, మగ్గాల వైపు చూసి వెళ్లిపోయారు. చివరి మగ్గం దగ్గర బాలింత ఒకామె కాలితో ఉయ్యాల ఊపుతూ నేస్తోంది.

రాయి పదిహేడు వందలు. తేనె రెండు వందల యాభై, సంచీ ఉచితం.

శుక్రవారం. గాలి చెప్పలేను, నేను చూడలేదు.

ఈ రోజు గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

మధ్యాహ్నం బావని చెయ్యి పట్టి షెడ్డులోకి లాక్కెళ్లాను. మగ్గాలు టకటకమంటున్నాయి కదా, భయం లేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. "నువ్వే చెప్పావు! నీ నోరు తిన్నగా ఉండదు. నా కొంప ముంచావు. పదకొండిళ్ల కూడు నీ నాలిక చివర వేలాడతంది!"

"నాను సెప్నేదే! నా మీద ఒట్టు! ఎవులికీ సెప్నేదు!"

"చెప్పకపోతే ధరకి ఎలా తెలిసింది? నువ్వు నమ్మకద్రోహివి బావా!"

బావ మొహం ఎర్రబడింది. నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఊపిరి పీల్చుకుని, గొంతు చించుకుని, "నా లాప్‌టాప్ చచ్చిపోయిందని మంగళవారం నీకు తప్ప ఎవరికి తెలుసు?" అని అరిచాను.

ఆ అరుపు షెడ్డంతా మోగింది. ఎందుకంటే అప్పటికి పదకొండు మగ్గాలూ ఆగిపోయి ఉన్నాయి. మంచి తగువు జరుగుతుంటే ఎవరు నేస్తారు? అందరూ చేతులు ఆపి, మెడలు చాపి వింటున్నారు. వాళ్లతోపాటు నెత్తిమీద బల్బు కూడా వింది.

ఒక మగ్గం మళ్లీ టక్కుమంది. తర్వాత ఇంకొకటి. బావ చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి రాయి ఇరవై మూడు వందలు. తేనె ఉచితం. పైగా కెటిల్ ఒకటి ఇస్తారట.

శనివారం. గాలి ఉంది. ఉన్నా లేకున్నా ఒకటే.

పెన్సిళ్లు రెండూ అరిగిపోయాయి. శేషగిరి కొట్టుకి వెళ్లి ఇంకోటి అడిగాను. ధరపలక మీద పెన్సిలు బొమ్మ పడింది. దాని పక్కనే లాప్‌టాప్ బొమ్మ పడింది. ఇంకా దాని పక్కన ఇంకో లాప్‌టాప్ బొమ్మ.

నేను పలకని చూసి, శేషగిరిగారిని చూశాను. ఆయన లేచి మిరపకాయల మర వేశారు. అది గరగరమంటుంటే తుమ్ముకుంటూ నా దగ్గరగా వంగారు.

"ఈ ఏడాది మొత్తం మీద నా దగ్గర పెన్సిలు కొన్నది నువ్వొక్కదానివే తల్లీ. సోమవారం నువ్విలా పుస్తకం కొని అటు తిరిగావో లేదో, పలక మీద ఆ బొమ్మ పడింది. నీకు తెలుసనుకున్నాను."

నాకూ తుమ్ములొచ్చాయి. కళ్లలో నీళ్లొచ్చాయి. అన్నీ మిరపకాయల వల్లే కాదు.

ఎవరూ చెప్పలేదు. ఎవరూ నోరు విప్పలేదు. పదకొండేళ్లుగా కాగితం ముట్టని మనిషి ఒక పొద్దున నోటుపుస్తకమూ పెన్సిళ్లూ కొంటే, ఆ ఇంట్లో ఏమైందో తెలియడానికి చెవి కూడా అక్కర్లేదు. నా తెలివికి నన్ను నేను మెచ్చుకున్న ఆ క్షణంలోనే నా గుట్టు నేనే అమ్ముకున్నాను. మంగళవారం పెరిగింది బావ నోటి వల్ల కాదు. బుధవారం పెరిగింది రబ్బరు వల్ల.

ఇంటికొచ్చాను. బావ వరండాలో వీపు తిప్పి కూర్చున్నాడు. నెత్తిన ఫ్యాను, పక్కన రేడియో, షెడ్డుకి సెలవు. ఏమని చెప్పను, ఎక్కడ చెప్పను? తప్పు నాది బావా. ఈ ఒక్క ముక్క నోటితో అనడానికి ఈ ఊళ్లో చోటూ, నాకు ధైర్యమూ లేక పుస్తకంలో రాస్తున్నాను. నిన్న నేను అన్నవన్నీ అబద్ధం. నువ్వు నాలుగిళ్లలో వాగే మనిషివే, కానీ నా మాట మోయగలవని మంగళవారం తెలిసుండాల్సింది నాకు.

అక్క నీళ్ల పంపు పూర్తిగా తిప్పి, ఆ హోరులో సగం మాట చెప్పింది. "రేపు సంత. అప్పయ్యమ్మ దగ్గర పాత రాయిలు." మిగతా సగం నాకు తెలుసు. అక్కడ బేరమంటే వేళ్లతోనే. నాకు ఆ వేళ్ల భాష రాదు. ఇంట్లో వచ్చినవాడు ఒక్కడే.

ఆదివారం. సంతలో. గాలికి డేరాలు ఎగురుతున్నాయి.

అప్పయ్యమ్మ దుకాణంలో ముక్కాలిపీట మీద కూర్చుని రాస్తున్నాను. రాయడం అయ్యాక ఈ పుస్తకం నాది కాదు. ఎందుకో చెప్తాను.

పొద్దున నేను చెప్పులు వేసుకునేసరికి బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజాన వాళ్ల తాతగారి తువాలు. అక్క పంపిందో, తనే వచ్చాడో తెలియదు. బావ మాట్లాడకుండా రెండు మైళ్లు నడవడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పయ్యమ్మకి డెబ్బై ఏళ్లుంటాయి. గోనెసంచుల మధ్య నుంచి ఒక పాత రాయి తీసి నా ఒళ్లో పెట్టింది. సన్నికల్లంత బరువు. కీలు అరిగి నున్నగా ఉన్నాయి, మూత మాత్రం కొత్త తలుపులా పడుతోంది. తెరిచి నా నేత లెక్క ఒకటి వేసి చూశాను. ఫ్యాను చప్పుడే లేదు.

"సెవిటిదో కాదో సూసుకో," అంది అప్పయ్యమ్మ. మెషీన్‌ని ఖాళీ ధాన్యం డ్రమ్ములో పెట్టి, నన్ను కూడా తల లోపల పెట్టి మూత కప్పుకోమంది. మూత కప్పుకునే ముందు నా చెవిలో, "ఇప్పుడు సెప్పు, నాకు ఏనుగు కావాలని," అని గుసగుసగా అంది.

చెప్పాను. మూడుసార్లు చెప్పాను. డ్రమ్ములోంచి తల తీసి పది నిమిషాలు ఎదురు దుకాణం ధరపలకని చూస్తూ కూర్చున్నాం. బెల్లం వచ్చింది, గొడుగు వచ్చింది, లాప్‌టాప్ ఎలాగూ వచ్చింది. ఏనుగు రాలేదు.

ఇక బేరం. నిరుటి నేతని తూనీగలు పట్టేస్తున్నాయని మూడు తువాళ్లు మడత మీద మడత వేసి, బావా అప్పయ్యమ్మా వాటి కింద చేతులు పెట్టారు. ఇద్దరి మొహాలూ దేవుడి గదిలో ఉన్నట్టున్నాయి. తువాలు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. బావ నుదుటి మీద చెమట. కాసేపటికి నా చెయ్యి లాగి తువాలు కిందకి తీసుకున్నాడు. నాకు అర్థం కాదని గుర్తొచ్చి, నెమ్మదిగా నా వేళ్లు ఒక్కొక్కటే మడిచి, లెక్క నేర్పి, ధర చెప్పాడు. పద్దెనిమిది వందల దగ్గర మొదలైంది పద్నాలుగు వందలకు దిగింది. ఇంక దిగదు.

నా దగ్గర పన్నెండు వందల యాభై. తల అడ్డంగా ఊపాను. అప్పయ్యమ్మ నా సంచీలోంచి తొంగిచూస్తున్న నోటుపుస్తకాన్ని చూసింది. చెయ్యి చాపింది. ఇచ్చాను. ఒక పేజీ చదివింది, రెండు చదివింది, కళ్లజోడు సరిచేసుకుని గురువారం దాకా చదివింది.

గోనెసంచి దులిపే చప్పుడు చాటున, "ఏ రోజు ఏం కొన్నావో, ఏ రోజు ధర ఎంత పెరిగిందో అంతా ఉందే ఇందులో! సెవి ఎలాగ ఆలోసిస్తాదో ఇంత ఇవరంగా ఎవులూ రాయనేదు. మా సంతోళ్లందరికీ సదివిస్తాను. నీకు తక్కువైన నూటయాభైకి ఇది సాలు," అంది.

నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే శుక్రవారం గుర్తొచ్చింది. "ఒక్క రెండు పేజీలు చింపి ఇస్తాను అప్పయ్యమ్మా," అన్నాను.

"సింపితే నాకొద్దు. లెక్క తెగిపోతాది." శుక్రవారం పేజీ తీసి చదివింది. చదివి బావ వైపు చూసింది. "అసిరినాయుడంటే నువ్వేనా? మనిసి మీద అబద్ధమున్న పుస్తకం నాను కొనను. నువ్వు సదివి సరే అంటేనే బేరం."

పుస్తకం బావ చేతికి వెళ్లింది. నూటయాభై యూనిట్లూ, పదకొండు మగ్గాలూ కూడా దాంతోపాటే వెళ్లాయి. బావ పెదాలు కదుపుతూ నిదానంగా చదివాడు, చిన్నపిల్లాడిలా వేలు పెట్టి. నమ్మకద్రోహి అన్న చోట వేలు ఆగింది. నేను నేల చూశాను. ఎంతసేపని చూస్తాం నేలని, తల ఎత్తాను. పేజీ తిప్పాడు. శనివారం చదువుతున్నాడు. అది మాత్రం రెండుసార్లు చదివాడు.

"పెన్సిలియ్యి," అన్నాడు. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

వెనక్కి తిప్పి ఒక చోట రాశాడు, ముందుకి తిప్పి ఇంకో చోట రాశాడు. పుస్తకం అప్పయ్యమ్మకి ఇచ్చి తల ఊపాడు. రాయి నా ఒళ్లోకి వచ్చింది. చివరి రోజు సంగతి కూడా రాసి ఇమ్మని ఆమె పుస్తకాన్ని మళ్లీ నా చేతికిచ్చింది.

బావ ఏం రాశాడో ఇప్పుడే చూశాను. బుధవారం పేజీలో నేను ‘నాలుగు తిన్నాడు’ అన్న చోట, పక్కన ఎద్దులంత అక్షరాలతో: ‘నాలుగు కాదు, ఆరు.’ శుక్రవారం పేజీలో ఏమీ కొట్టెయ్యలేదు. అడుగున: ‘ఆ రోజు మా మరదలికి కోపం. ఇప్పుడు నేదు. నాకూ నేదు.’

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది. బావ డేరా బయట నిలబడి ఎప్పటిలాగే ఊరంతటికీ వినపడేట్టు "మా మరదలి లాప్‌టాప్ బంగారం!" అని అరుస్తున్నాడు. ఒక తూనీగ వచ్చి బావ నెత్తిమీద ఆగి, నమ్మాలో వద్దో తెలియక అక్కడే తిరుగుతోంది.

రేపు పొద్దున్నే నేత మొదలుపెడతాను. బుధవారానికి మగ్గాలకు ఎక్కుతుంది. ఈ ఏటి తువాలు అంచుకి ఆరు చుక్కలు వస్తాయి. అవి బజ్జీలని చెవికి ఎప్పటికీ తెలియదు, మీరు దీన్ని పైకి చదవకపోతే.